నెవర్‌మైండ్: పచ్చిగా వినిపించడానికి పడిన పాటు

పంక్, మెటల్ కలగలిసిన గ్రంజ్ రాక్ అనగానే ముందు గుర్తొచ్చే ఆల్బమ్ నిర్వాణా బ్యాండ్ 1991లో విడుదల చేసిన 'నెవర్‌మైండ్'. దాని గురించి రాసేవాళ్లు ఎక్కువగా చెప్పే కథ ఒకటుంది. ఎనభైల రాక్ సంగీతం మేకప్పులు, మెరుపు బట్టలు, పెంచిన జుట్టుతో నిండిపోయి ఉంటే, సియాటిల్ వైపు నుంచి ముగ్గురు కుర్రాళ్లు వచ్చి, చేతికి దొరికిన గిటార్లతో మనసులో ఉన్నది ఉన్నట్టు అరిచి, ఆ మెరుపులన్నిటినీ ఒక్క దెబ్బతో ఊడ్చిపారేశారని.

కానీ ఆ పాటలు రాసి పాడిన కర్ట్ కోబేన్ తర్వాత వేరేగా మాట్లాడాడు. బ్యాండ్ చరిత్ర రాసిన మైకేల్ అజెరాడ్‌తో, ఆ ఆల్బమ్ వినిపించే తీరు తనకు ఇబ్బందిగా ఉందని, అది పంక్ రికార్డు కన్నా, అంటే మెరుగులు దిద్దకుండా గరుకుగా వాయించే సంగీతం కన్నా, మోట్లీ క్రూ రికార్డుకే దగ్గరగా ఉందని అన్నాడు. మోట్లీ క్రూ అంటే, 'నెవర్‌మైండ్' ఊడ్చిపారేసిందని అందరూ చెప్పే ఆ మేకప్ బ్యాండ్లలో పేరున్నది.

వినేవాళ్లకు పచ్చిగా అనిపించింది, చేసినవాడికి మరీ నునుపుగా అనిపించింది. నా ఉద్దేశంలో ఇద్దరూ సరిగ్గానే విన్నారు. ఆ పచ్చిదనాన్ని స్టూడియోలో ఎంతో శ్రద్ధగా తయారుచేశారు. అందులో మోసమేమీ లేదు. ఆ శ్రద్ధ వల్లే ముప్పయ్యేళ్లు దాటినా ఆ పాటలు వాడిపోలేదని నేను నమ్ముతాను. అయితే ఈ సంగతి అర్థం కావాలంటే ఆ ఊళ్ల గురించి, పాటల కూర్పు గురించి, స్టూడియో గదుల గురించి, చివరికి అమ్మకాల లెక్కలు రాసే పద్ధతి గురించి కూడా కాస్త తెలియాలి.

సియాటిల్ కన్నా ముందు

నిర్వాణాని సియాటిల్ బ్యాండ్ అంటారు గానీ కోబేన్, బేస్ గిటార్ వాయించే క్రిస్ట్ నోవోసెలిక్ కలిసింది ఆబర్డీన్‌లో. సియాటిల్ నుంచి నైరుతి దిక్కుగా నూరు మైళ్లకు పైగా వెళ్తే వచ్చే చిన్న ఊరు. అడవి, కలప, రంపపు మిల్లులు, వాటి మీద బతికే కుటుంబాలు. ఎనభైల్లో కలప వ్యాపారం దెబ్బతిని ఊరు నీరసపడిపోయిన కాలంలో వీళ్లిద్దరూ పెరిగారు. ఇప్పుడు ఆ ఊరి పొలిమేరలో స్వాగతం పలికే బోర్డు మీద 'కమ్ యాజ్ యు ఆర్' అని నిర్వాణా పాట పేరే రాసి ఉంటుంది.

ఆబర్డీన్ తర్వాత కోబేన్ ఉన్నది ఒలింపియాలో. వాషింగ్టన్ రాష్ట్ర రాజధాని, ఎవర్‌గ్రీన్ కాలేజీ ఉన్న ఊరు. అక్కడి పంక్ వాతావరణం వేరు. వాయించడం బాగా రాకపోయినా పర్వాలేదు, చెప్పడానికేదైనా ఉంటే చాలు, క్యాసెట్ మనమే రికార్డు చేసుకుందాం, మనమే అమ్ముకుందాం అనే ధోరణి. ఆడపిల్లలు సొంతంగా బ్యాండ్లు పెట్టి మగవాళ్ల పెత్తనాన్ని స్టేజీ మీదే నిలదీసిన చోటు కూడా అదే. బికినీ కిల్ బ్యాండ్‌లో పాడే క్యాథలీన్ హానా ఒక రాత్రి కోబేన్ గది గోడ మీద స్ప్రే పెయింట్‌తో రాసిన వాక్యం నుంచే 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' అన్న పేరు పుట్టింది. టీన్ స్పిరిట్ అనేది అప్పట్లో అమ్మాయిలు వాడే డియోడరెంట్ బ్రాండు. ఆ సంగతి కోబేన్‌కు పాట విడుదలయ్యాక గానీ తెలియలేదట. 'నెవర్‌మైండ్' పాటల్లో చాలావాటిని అతను ఒలింపియాలో ఉన్న రోజుల్లోనే రాశాడు.

ఇక సియాటిల్ సంగతి. ఎనభైల్లో పెద్ద బ్యాండ్లు చాలావరకు అమెరికా మ్యాప్‌లో అంత మూలకు ఉన్న ఊరికి పర్యటనకు వచ్చేవి కావు. దాంతో స్థానికులే ఒకరి కచేరీకి ఒకరు వెళ్లేవాళ్లు, ఒకరి బ్యాండ్‌లో ఒకరు వాయించేవాళ్లు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం రేడియో స్టేషన్ కేసీఎమ్‌యూ వాళ్ల పాటలు వేసేది. 1986లో 'డీప్ సిక్స్' పేరుతో ఆరు స్థానిక బ్యాండ్ల పాటలు కలిపి ఒక రికార్డు వచ్చింది. అదే కాలంలో బ్రూస్ పావిట్ అనే కుర్రాడు నడుపుతున్న చిన్న పత్రిక 'సబ్ పాప్' పేరుతో రికార్డు కంపెనీగా మారుతోంది. తర్వాత జోనాథన్ పోనెమన్ అతనికి తోడయ్యాడు.

ఇక్కడ మనకు ఆసక్తి కలిగించే మనిషి ఒకరున్నారు. సౌండ్‌గార్డెన్ బ్యాండ్ గిటారిస్టు కిమ్ థాయిల్. అతని తల్లిదండ్రులు కేరళ నుంచి అమెరికా వెళ్లినవాళ్లు. కిమ్, పావిట్ ఇద్దరూ ఇల్లినాయ్ రాష్ట్రంలోని పార్క్ ఫారెస్ట్ అనే ఊరి నుంచి వచ్చిన స్నేహితులు. కిమ్ సియాటిల్‌లో తత్వశాస్త్రం చదువుకుంటూ బ్యాండ్‌లో గిటార్ వాయించాడు. అమెరికా రాక్ చరిత్రలో ఇంత ముఖ్యమైన మలుపులో ఒక మలయాళీ ఇంటి బిడ్డ ఉన్నాడన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు, తెలియాల్సిన సంగతి.

నిర్వాణా మొదటి ఆల్బమ్ 'బ్లీచ్'ని సబ్ పాప్ 1989లో విడుదల చేసింది. జాక్ ఎండినో దాన్ని సియాటిల్‌లోని రెసిప్రొకల్ రికార్డింగ్ అనే చిన్న స్టూడియోలో రికార్డు చేశాడు. ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. ఆ డబ్బు పెట్టిన జేసన్ ఎవర్‌మన్ పేరు అట్ట మీద గిటారిస్టుగా ఉంటుంది. నిజానికి అందులో అతను ఒక్క స్వరం కూడా వాయించలేదు. కలిసొచ్చిన కుర్రాడికి కృతజ్ఞతగా పేరు వేశారు, అంతే. పచ్చి రికార్డు వినాలనుకునేవాళ్లు ముందు వినాల్సింది 'బ్లీచ్'. బరువుగా, బురదగా ఉంటుంది. 'అబౌట్ ఎ గర్ల్' అనే ఒక్క పాట దగ్గర మాత్రం ఆ బురదలోంచి చక్కటి బాణీ ఒకటి పైకి తేలుతుంది. ఆ తర్వాత జరగబోయేదానికి సూచన ఆ పాటే.

సబ్ పాప్ వాళ్లకు సంగీతం ఎంత తెలుసో ప్రచారం కూడా అంతే తెలుసు. నెలకో సింగిల్ రికార్డు చందాదారులకు పోస్టులో పంపే క్లబ్బు పెట్టారు. అందులో మొదటిది నిర్వాణాదే, వెయ్యి కాపీలే అచ్చేశారు. లండన్ పత్రిక మెలొడీ మేకర్ విలేకరి ఎవరెట్ ట్రూను 1989లో సొంత ఖర్చుతో సియాటిల్‌కు రప్పించారు. అతను తిరిగెళ్లి రాసిన కథనాలతో ఇంగ్లండ్‌లో సియాటిల్ పేరు మోగింది. అంటే 1991 నాటికి దారి పడిపోయి ఉంది. చిన్న పత్రికలు, కాలేజీ రేడియోలు, చిన్న రికార్డు కంపెనీలు దాదాపు పదేళ్లపాటు వేసిన దారి అది. 'నెవర్‌మైండ్' ఎక్కడినుంచో ఊడిపడిందని రాసేవాళ్లు ఈ పదేళ్ల చాకిరీని లెక్కలోకి తీసుకోరు.

ఒకే పేరు కింద నాలుగు దారులు

నిర్వాణా, పెర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్, ఆలిస్ ఇన్ చెయిన్స్. గ్రంజ్‌కి నాలుగు స్తంభాలుగా ఈ నాలుగు పేర్లు చెబుతారు. ఒకదాని వెంట ఒకటి విని చూడండి, ఇవి ఒకే జాతి సంగీతం అని నమ్మడం కష్టం. పెర్ల్ జామ్‌లో డెబ్బైల క్లాసిక్ రాక్ ఉంటుంది, పెద్ద పెద్ద గిటార్ సోలోలు, మైదానం మొత్తం కలిసి పాడుకునే పల్లవులు. సౌండ్‌గార్డెన్‌ది డెబ్బైల మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ బరువు, ఏడు లెక్కలకో తొమ్మిది లెక్కలకో నడిచే తాళాలు, వాటి పైన క్రిస్ కార్నెల్ నాలుగు స్థాయిల గొంతు. ఆలిస్ ఇన్ చెయిన్స్ అసలు మెటల్ బ్యాండ్. లేన్ స్టేలీ, జెర్రీ కాంట్రెల్ గొంతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పాడే తీరులో దాని ప్రత్యేకత ఉంది. నిర్వాణా దగ్గర ఉన్నది పంక్ కోపం, బీటిల్స్ బాణీ. నలుగురినీ కలిపింది ఊరు, స్నేహాలు, కాలం. గ్రీన్ రివర్ అనే ఒక్క బ్యాండ్ విడిపోతే ఒక ముక్కలోంచి మడ్‌హనీ, ఇంకో ముక్కలోంచి కొన్నేళ్లకు పెర్ల్ జామ్ పుట్టాయి. చుట్టరికం అక్కడుంది, సంగీతంలో తక్కువ. పాటల తీరులో చూస్తే గ్రంజ్ అన్న పేరుకు అచ్చంగా సరిపోయేది మడ్‌హనీ ఒక్కటే అని నాకనిపిస్తుంది, వాళ్లేమో ఈ నలుగురి అమ్మకాలకు దరిదాపుల్లోకి కూడా రాలేదు.

గాంధారం లేని తీగలు

ఇప్పుడు పాట లోపలికి వెళ్దాం. కోబేన్ గిటార్ వాయించే పద్ధతిలో కీలకం పవర్ కార్డ్. మామూలుగా గిటార్ మీద ఒక కార్డ్ అంటే కనీసం మూడు స్వరాలు కలిసి మోగుతాయి. మన లెక్కలో చెప్పుకుంటే షడ్జమం, గాంధారం, పంచమం. ఇందులో ఆ కార్డ్ సంతోషంగా వినిపిస్తుందా, దిగులుగా వినిపిస్తుందా అన్నది తేల్చేది గాంధారం. శంకరాభరణంలో ఉండే అంతర గాంధారం వేస్తే పాశ్చాత్యులు మేజర్ అంటారు, ఖరహరప్రియలో ఉండే సాధారణ గాంధారం వేస్తే మైనర్ అంటారు. పవర్ కార్డ్‌లో ఆ గాంధారాన్ని తీసేస్తారు. మిగిలేవి షడ్జమం, పంచమం. తంబురా శ్రుతిలో మనం రోజూ వినే జంటే.

గాంధారాన్ని ఎందుకు తీసేస్తారంటే డిస్టార్షన్ వల్ల. గిటార్ శబ్దాన్ని పెడల్‌తోనో ఆంప్లిఫయర్‌తోనో పరిమితి దాటించి చీల్చినప్పుడు అసలు స్వరాలతో పాటు కొత్త స్వరాలెన్నో పుట్టుకొస్తాయి. షడ్జమ పంచమాలు రెండే ఉంటే అలా పుట్టినవి కూడా వాటితో కలిసిపోయి శబ్దం లావవుతుంది. మూడో స్వరం చేరిందంటే ఒకదానికొకటి ఒరుసుకుని గందరగోళంగా మారుతుంది. అందుకే గిటార్ ఎంత గట్టిగా గీరాలంటే స్వరాలు అంత తగ్గించాలి.

దీనివల్ల ఇంకో ఫలితం ఉంది. గిటార్ సంతోషమా దిగులా అన్నది చెప్పదు కాబట్టి ఆ పని పాడేవాడి గొంతు మీద పడుతుంది. 'టీన్ స్పిరిట్' దాదాపు మొత్తం నాలుగు పవర్ కార్డుల చుట్టూ తిరుగుతుంది, పల్లవిలోనూ చరణంలోనూ అవే నాలుగు. రంగు మారేది కోబేన్ గొంతు ఎంచుకునే స్వరాల వల్ల. గిటార్ తీసేసి ఆ పాటను పియానో మీద నెమ్మదిగా వాయిస్తే అందమైన దిగులు పాటలా నిలబడుతుంది. చాలామంది అలా వాయించారు కూడా. మామూలుగా రాక్ పాటల్లో గిటారిస్టు తన నైపుణ్యం చూపించే సోలో దగ్గర కోబేన్ చేసింది ఏమిటంటే, తను పాడిన చరణం బాణీనే గిటార్ మీద దాదాపు ఉన్నదున్నట్టు మళ్లీ వాయించడం. బాణీ మీద అతనికి అంత నమ్మకం.

ఇక నెమ్మది, గట్టి. చరణంలో గిటార్ రెండే స్వరాలతో వెనక ఎక్కడో మెరుస్తుంటుంది, పాటను బేస్, డ్రమ్స్ మోస్తాయి. పల్లవి రాగానే అన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఈ పద్ధతి కోబేన్ కనిపెట్టింది కాదు. బోస్టన్ బ్యాండ్ పిక్సీస్‌ని అనుకరించే ప్రయత్నంలో ఆ పాట పుట్టిందని 1994లో రోలింగ్ స్టోన్ పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో అతనే ఒప్పుకున్నాడు. అయితే పిక్సీస్ పాటల్లో ఆ మలుపు వినేవాణ్ని ఉలిక్కిపడేలా చేస్తుంది, కోబేన్ దగ్గర అదే మలుపు కోసం వినేవాడు ఎదురుచూస్తాడు. చరణానికీ పల్లవికీ మధ్య ఒకే మాటను మళ్లీ మళ్లీ అంటూ కొద్దికొద్దిగా పైకెక్కించే భాగం ఒకటుంది చూడండి, పని అంతా అక్కడ జరుగుతుంది.

డ్రమ్స్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. డేవ్ గ్రోల్ వాషింగ్టన్ డీసీ హార్డ్‌కోర్ పంక్ నుంచి వచ్చినవాడు. 1990 సెప్టెంబర్‌లో బ్యాండ్‌లో చేరాడు. 'టీన్ స్పిరిట్' మొదట్లో గిటార్ గీరిన వెంటనే వచ్చే ఆ డ్రమ్స్ దెబ్బలు ఏ పంక్ బ్యాండ్ నుంచో వచ్చాయనుకుంటాం. గ్యాప్ బ్యాండ్, కామియో, షీక్ బ్యాండ్‌లో వాయించిన టోనీ థాంప్సన్, ఈ డిస్కో, ఫంక్ సంగీతం నుంచే ఆ దెబ్బలు తీసుకున్నానని గ్రోల్ తర్వాత చెప్పాడు. ఆ మాట తెలిశాక ఆ పాట వింటే మనకి తెలియకుండానే కాళ్లు ఎందుకు కదిలాయో అర్థమవుతుంది. కోపం గిటార్‌లో ఉంటే, డాన్సు డ్రమ్స్‌లో ఉంది.

సౌండ్ సిటీలో ఆ వేసవి

ఇక్కడ బుచ్ విగ్ గురించి చెప్పాలి. అతను ఆ ఆల్బమ్ ప్రొడ్యూసర్, అంటే మన సినిమాల్లోలాగా డబ్బు పెట్టేవాడు అనుకోకండి. స్టూడియోలో కూర్చుని ఏ పాట ఎలా వినిపించాలో బ్యాండ్‌తో కలిసి తేల్చేవాడు. 1990 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ రాష్ట్రం మ్యాడిసన్‌లో ఉన్న తన స్మార్ట్ స్టూడియోస్‌లో నిర్వాణా పాటలు కొన్ని రికార్డు చేశాడు. అప్పటికి డ్రమ్మర్ చాడ్ చానింగ్. అవి సబ్ పాప్‌లో రెండో ఆల్బమ్ కోసం చేసిన పాటలు. ఆ క్యాసెట్ చేతులు మారి మారి పెద్ద కంపెనీల దగ్గరికి చేరింది. సోనిక్ యూత్ బ్యాండ్ మాట సాయంతో గెఫెన్ వాళ్ల డీజీసీ కంపెనీ 1991లో నిర్వాణాను తీసుకుంది. అప్పుల్లో ఉన్న సబ్ పాప్‌కి కొంత సొమ్ము, తర్వాతి అమ్మకాల్లో వాటా, అట్ట వెనక తమ లోగో దక్కాయి. ఆ వాటా లేకపోతే సబ్ పాప్ మూతపడి ఉండేది.

1991 మే, జూన్ నెలల్లో లాస్ ఏంజెలెస్‌లో వాన్ నైస్ అనే ప్రాంతంలోని సౌండ్ సిటీ స్టూడియోలో ఆల్బమ్ రికార్డయింది. అనుకున్న బడ్జెట్ 65 వేల డాలర్లు. 'బ్లీచ్'తో పోలిస్తే వంద రెట్లకు పైగా. బ్యాండ్ వాళ్లు రాకముందు విగ్‌కి ఒక క్యాసెట్ పంపారు, మామూలు టేప్ రికార్డర్‌లో ప్రాక్టీసు రికార్డు చేసింది. శబ్దం అంతా చిట్లిపోయి ఉంది. అయినా ఆ కొత్త డ్రమ్మర్ ఎలాంటివాడో విగ్‌కి వినపడింది.

పాటలు దాదాపు కట్టి సిద్ధంగా ఉన్నాయి. కష్టమంతా కోబేన్‌ను ఒప్పించడంలోనే. గొంతుకు బలం రావాలంటే ఒకే పాటను రెండుసార్లు పాడించి రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేయాలి. దాన్ని డబుల్ ట్రాకింగ్ అంటారు. కోబేన్‌కు అది దొంగ పని అనిపించింది, వద్దన్నాడు. విగ్‌కి అతని బలహీనత తెలుసు. జాన్ లెనన్ కూడా ఇలాగే చేసేవాడని చెప్పాడు. బీటిల్స్ పేరు వినగానే కోబేన్ మెత్తబడ్డాడు.

'లిథియం' పాట దగ్గర వేరే చిక్కు. వాయిస్తూ వాయిస్తూ వేగం పెరిగిపోతోంది. విగ్ క్లిక్ ట్రాక్, అంటే చెవిలో టిక్ టిక్ మనే మెట్రోనోమ్ పెట్టుకుని వాయించమన్నాడు. డ్రమ్మర్‌కి ఆ మాట చెప్పడం అంటే చిన్న విషయం కాదు. గ్రోల్ బాధపడ్డా పెట్టుకున్నాడు, పాట కుదిరింది. ఆ పాట కుదరని ఒక పూట విసుగొచ్చి ముగ్గురూ అరుస్తూ వాయించిన గందరగోళమే చివర్లో దాచిన 'ఎండ్‌లెస్, నేమ్‌లెస్'. ఆఖరి పాట అయిపోయాక పది నిమిషాల మౌనం తర్వాత అది మొదలవుతుంది. కోబేన్ గిటార్ బద్దలుకొట్టడం కూడా అందులో వినిపిస్తుంది. ఆల్బమ్ మొత్తంలో నిజంగా పచ్చిగా ఉన్నది అదొక్కటే, దాన్ని అందరి కంటా పడకుండా మూలకు పెట్టారు.

నన్ను ఎప్పుడూ ఆపేసే పాట 'సమ్‌థింగ్ ఇన్ ద వే'. దాన్ని ముందు బ్యాండ్ అంతా కలిసి వాయించి చూశారు, ఏదీ నచ్చలేదు. కోబేన్ కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి సోఫా మీద వెల్లకిలా పడుకుని, అయిదు తీగలే మిగిలిన పాత గిటార్ మీద, ఈ పాట ఇలా ఉండాలి అని గొంతులో గొంతుగా పాడి వినిపించాడు. విగ్ అక్కడికక్కడే అన్నీ ఆపించాడు. ఫ్యాన్ కట్టేశాడు, ఫోన్ తీసేశాడు, ఆ సోఫా ముందే మైకులు పెట్టి రికార్డు చేశాడు. మిగతావాళ్లు ఆ పడుకున్న గొంతు వెంట, ఆ సరిగ్గా శ్రుతి కుదరని గిటార్ వెంట తర్వాత వాయించాల్సి వచ్చింది. ఎక్కడ ముట్టుకోవాలో తెలిసినంత బాగా, ఎక్కడ ముట్టుకోకూడదో కూడా విగ్‌కి తెలుసు. 'పాలీ' పాటను అసలు మళ్లీ రికార్డే చేయలేదు, మ్యాడిసన్ నాటిదే ఆల్బమ్‌లో పెట్టారు. అందులో వినిపించే సింబల్, అంటే డ్రమ్స్ పక్కన మోగే కంచు పళ్లెం, చానింగ్ వాయించిందే.

చివరి మెరుగు ఆండీ వాలెస్‌ది. విగ్ చేసిన మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డయిన వాద్యాలను, గొంతును పాళ్లు చూసి కలపడం, బ్యాండ్‌కి తృప్తిగా లేకపోవడంతో కంపెనీ మిక్సింగ్ ఇంజనీర్ల జాబితా ఒకటి ఇచ్చింది. అందులో మెటల్ బ్యాండ్ స్లేయర్‌కి పనిచేసిన వాలెస్ పేరు చూసి కోబేన్ అతన్ని ఎంచుకున్నాడు. స్లేయర్ మనిషైతే గరుకుగా ఉంచుతాడని లెక్క. వాలెస్ మాత్రం ప్రతి వాద్యానికీ దాని చోటు దానికి ఇచ్చి, డ్రమ్స్ వెనక శాంపిల్స్, అంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్న శబ్దాల సాయంతో ప్రతిధ్వని పెంచి, రేడియోలో వేస్తే స్పీకర్ నిండిపోయేలా తయారుచేశాడు. కోబేన్ తర్వాత ఇబ్బంది పడింది ఈ దశ గురించే. కానీ అప్పుడు స్టూడియోలో విన్న రోజున ముగ్గురికీ నచ్చింది.

144 నుంచి 1 వరకు

1991 సెప్టెంబర్ 24న ఆల్బమ్ విడుదలైంది. అమెరికాలో మొదట అచ్చేసినవి 46 వేల చిల్లర కాపీలు. సోనిక్ యూత్ ముందటి ఆల్బమ్‌లాగే రెండున్నర లక్షలు అమ్ముడైతే చాలని కంపెనీ ఆశ. అమెరికాలో ఏ ఆల్బమ్‌లు ఎక్కువ అమ్ముడవుతున్నాయో వారం వారం చెప్పే బిల్‌బోర్డ్ పట్టికలో 144వ స్థానంలో అడుగుపెట్టింది. 1992 జనవరి 11న మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని దింపి మొదటి స్థానానికి చేరింది. ఇప్పటికి ప్రపంచమంతా కలిపి 3 కోట్లు దాటింది.

ఆ మూడున్నర నెలల్లో జరిగినవాటిలో 'టీన్ స్పిరిట్' వీడియో ఒకటి. శామ్యూల్ బేయర్ దర్శకత్వంలో ఒక స్కూల్ జిమ్‌లో జరుగుతున్నట్టు తీశారు. కాళ్లు ముడుచుకుని బెంచీల మీద గంటలకొద్దీ కూర్చోబెట్టిన కుర్రాళ్లకు ఒళ్లు మండిపోయింది. ఆఖర్న కోబేన్ పట్టుబట్టి వాళ్లను కిందికి దిగనిమ్మన్నాడు. చివర్లో కనిపించే ఆ తోపులాట, సెట్ విరగ్గొట్టడం చాలావరకు నిజమైన విసుగే. ఎంటీవీ దాన్ని ముందు ఆదివారం అర్ధరాత్రి కార్యక్రమంలో వేసింది, తర్వాత పగటి పూటకు తెచ్చింది. అదే సెప్టెంబర్‌లో ఎంటీవీ హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ ఉపగ్రహం ద్వారా ఆసియాలో మొదలైంది. డిష్ యాంటెనాలు, కేబుల్ వైర్లు అప్పుడప్పుడే వస్తున్న మన నగరాలకు కూడా ఆ పాట చేరింది అలాగే.

ఎక్కువమంది పట్టించుకోనిది ఇంకొకటి, లెక్కలు రాసే పద్ధతి. 1991 మే దాకా బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టిక కోసం దుకాణాలకు ఫోన్ చేసి ఏవి బాగా పోతున్నాయని అడిగేవారు. కౌంటర్ దగ్గర ఉన్నవాడి అభిప్రాయం, కంపెనీల ఒత్తిడి అన్నీ అందులో కలిసేవి. మే 25 పట్టిక నుంచి సౌండ్‌స్కాన్ వచ్చింది. ప్రతి డబ్బా మీద బార్‌కోడ్ స్కాన్ అయితేనే లెక్క. వెంటనే పట్టిక ముఖం మారిపోయింది. రాప్, కంట్రీ, మెటల్ ఒక్కసారిగా పైకొచ్చాయి. అవి అప్పటికే అమ్ముడవుతున్నాయి, లెక్కలో మాత్రం పడటం లేదు. పాత పద్ధతిలోనైతే 'నెవర్‌మైండ్' ఎంత పైకి వెళ్లేదో చెప్పలేం గానీ, కొత్త పద్ధతి వచ్చిన నాలుగు నెలలకే విడుదల కావడం దానికి కలిసొచ్చిందనే అనుకుంటాను.

ఒక్క దెబ్బతో పాతదంతా పోయిందన్న మాటకు కూడా ఈ పట్టికే సమాధానం. జనవరి 18న, అంటే వారం తిరక్కుండానే, మొదటి స్థానాన్ని తిరిగి లాక్కున్నది కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్. ఫిబ్రవరి 1న నిర్వాణా ఇంకో వారం పైకొచ్చింది. మొత్తం రెండు వారాలే. అదే సమయంలో మెటాలికా, గన్స్ ఎన్ రోజెస్ లక్షల్లో అమ్ముడవుతూనే ఉన్నాయి. నిజంగా మారింది కంపెనీల ఆలోచన. మేకప్ బ్యాండ్లకు డబ్బు పెట్టడం తగ్గించి, చిరిగిన స్వెట్టర్లు వేసుకున్న ప్రతి బ్యాండ్ వెనకా చెక్కులు పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు.

ఆ వెర్రి ఎంతదాకా వెళ్లిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1992 నవంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ గ్రంజ్ కుర్రాళ్ల యాస అంటూ ఒక పదకోశం అచ్చేసింది. సమాచారం ఇచ్చింది సబ్ పాప్‌లో అంతకుముందు పనిచేసిన మేగన్ జాస్పర్. విలేకరి ఫోన్ చేసి అడిగితే, నోటికొచ్చిన మాటలు అప్పటికప్పుడు కల్పించి చెప్పింది. పోచికోలు కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవడాన్ని 'స్వింగిన్ ఆన్ ది ఫ్లిప్పిటీ ఫ్లాప్' అంటారని చెబితే అది కూడా యథాతథంగా వేశారు. ఆమే ఇప్పుడు సబ్ పాప్ సంస్థకు అధిపతి. అదే నెలలో మార్క్ జేకబ్స్ అనే డిజైనర్ పెర్రీ ఎల్లిస్ కంపెనీ తరఫున పట్టుతో చేసిన గళ్ల చొక్కాలను ర్యాంప్ మీద నడిపించాడు. అడవి పనివాళ్లు చలికి వేసుకునే, పాత బట్టల కొట్లో చవగ్గా దొరికే చొక్కాలకు నకళ్లవి.

మళ్లీ గరుకుదనం కోసం

కోబేన్‌కు ఈ కొత్త అభిమానుల్లో కొందరంటే భయం పట్టుకుంది. స్కూల్లో తనను కొట్టినలాంటి కుర్రాళ్లే ఇప్పుడు తన కచేరీలకు వస్తున్నారని అతని బాధ. 1992 డిసెంబర్‌లో వచ్చిన 'ఇన్‌సెస్టిసైడ్' ఆల్బమ్ అట్ట లోపల, స్వలింగ సంపర్కులను, వేరే జాతివాళ్లను, ఆడవాళ్లను ద్వేషించేవాళ్లెవరైనా ఉంటే మా రికార్డులు కొనొద్దు, మా కచేరీలకు రావొద్దు అని సూటిగా రాశాడు. అంత పేరు మీదున్న రాక్ గాయకుడు సొంత అభిమానులతో అలా మాట్లాడటం మామూలు విషయం కాదు. ఒలింపియాలో నేర్చుకున్నది అతను మర్చిపోలేదు.

తర్వాతి ఆల్బమ్‌కి స్టీవ్ అల్బీనీని పిలిచారు. పిక్సీస్ 'సర్ఫర్ రోసా' రికార్డు చేసినవాడు. బ్యాండ్ గదిలో ఎలా వినిపిస్తుందో అలా పట్టుకోవడమే తన పని అని నమ్మిన మనిషి, తనను ప్రొడ్యూసర్ అనొద్దని కూడా అనేవాడు. అమ్మకాల్లో వాటా తీసుకోనని, ప్లంబర్‌కి ఇచ్చినట్టు చేసిన పనికి కూలి ఇస్తే చాలని ముందే ఉత్తరం రాశాడు. లక్ష డాలర్లు తీసుకున్నాడు, వాటా తీసుకుని ఉంటే ఎన్నో రెట్లు వచ్చేది. 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలోని పాకిడెర్మ్ స్టూడియోలో రెండు వారాల్లో 'ఇన్ యుటెరో' పూర్తయింది.

కంపెనీకి నచ్చలేదు. చివరికి బ్యాండ్‌కి కూడా గొంతు, బేస్ సరిగా వినపడటం లేదన్న అనుమానం వచ్చింది. 'హార్ట్ షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' రెండు పాటలను స్కాట్ లిట్ చేత మళ్లీ మిక్స్ చేయించారు. గమనించండి, నునుపు వద్దని పారిపోయినవాడే, తన బాణీ జనానికి చేరాల్సిన చోట మళ్లీ కాస్త నునుపు ఒప్పుకున్నాడు. దీన్ని రాజీ అని కొందరు తప్పుపట్టారు. నేనలా అనుకోను. కోబేన్‌లో పంక్ ఎంత నిజమో పాప్ అంత నిజం. రెండిటిలో ఒకదాన్ని వదిలేస్తే మిగిలేది సగం మనిషి. 1994 ఏప్రిల్‌లో 27 ఏళ్లకే అతను ఆత్మహత్య చేసుకోవడంతో ఆ రెండిటి మధ్య అతను ఇంకా ఏం వెతికేవాడో వినే అవకాశం పోయింది.

ఇప్పుడు సియాటిల్ చుట్టుపక్కల రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో మనవాళ్లు వేలల్లో ఉన్నారు. సాఫ్ట్‌వేర్ పని మీద వెళ్లినవాళ్లకు వారాంతంలో చూడ్డానికి ఊళ్లోనే మోపాప్ మ్యూజియం ఉంది, నిర్వాణా గిటార్లు, చేతిరాతలు, పోస్టర్లు అక్కడ ఏళ్లపాటు ప్రదర్శనలో ఉన్నాయి. కానీ పచ్చిదనం ఎలా తయారైందో చెవులతో తేల్చుకోవాలంటే ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. 2011లో 'నెవర్‌మైండ్' ఇరవయ్యేళ్ల ప్రత్యేక ఎడిషన్ వచ్చింది. అందులో మ్యాడిసన్‌లో చేసిన తొలి రికార్డింగులు, విగ్‌కి పంపిన తరహా ప్రాక్టీసు టేపు పాటలు, వాలెస్ చేతికి వెళ్లకముందు విగ్ చేసిన మిక్స్ అన్నీ ఉన్నాయి. 'ఇన్ బ్లూమ్' పాటను తీసుకోండి. ముందు చానింగ్ డ్రమ్స్‌తో స్మార్ట్ స్టూడియోస్‌లో చేసింది, తర్వాత గ్రోల్ డ్రమ్స్‌తో విగ్ మిక్స్ చేసింది, చివర వాలెస్ చేసింది, ఇదే వరసలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. బాణీ మొదటిదాంట్లోనే పూర్తిగా ఉంది. రెండోదాంట్లో డ్రమ్స్ మనిషి మారాడు. మూడోదాంట్లో గొంతు ముందుకొచ్చింది, డ్రమ్స్ చుట్టూ గది పెరిగింది. 'ఇన్ యుటెరో' ఇరవయ్యేళ్ల ఎడిషన్‌లో కూడా అల్బీనీ చేసిన ఆ రెండు పాటల అసలు మిక్స్‌లు పెట్టారు. అవి, లిట్ చేసినవి పక్కపక్కన విని, ఏది ఎక్కువ నిజాయితీగా ఉందో మీరే చెప్పండి. నేను చాలాసార్లు విన్నాను, 'ఆల్ అపాలజీస్' దగ్గర నా ఓటు లిట్‌కే.